తొమ్మిదిన్నరే అన్నారు మాష్టారు

మా మాష్టారు పోయారు. పొద్దుటి క్లాసు ముగించుకుని కారు దగ్గరికి నడుస్తుంటే ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ సార్ ఇంక లేరే," అన్నారు. పాలవాడు రాలేదని చెప్పినంత మామూలుగా అన్నారు. మళ్ళీ ఆవిడే, "నిద్దట్లోనే పోయారు. బాధేం పళ్ళేదు. నువ్వు ఏదన్నా తిని రా, ఇక్కడెవరూ వండలా," అన్నారు. ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రానికి యూనివర్సిటీ నుంచి అందరికీ మెయిలు వచ్చింది. ఆయన అంకితభావంతో పనిచేసిన అధ్యాపకులని, విద్యార్థులకు స్ఫూర్తి అని, ఆయన లోటు తీరనిదని అందులో ఉంది. చదివి నాకు ఒళ్ళు మండింది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ మాటలు ఆయన పేరు తీసేసి ఇంకెవరి పేరు పెట్టినా సరిపోతాయి. ముప్పై ఏళ్ళకు పైగా ఆస్ట్రేలియాలో ఈ టూవూంబాలో ఉండి, స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి, రిటైరయ్యాక కూడా వారానికి ఒకసారి డిపార్ట్‌మెంటుకు వచ్చి మా టీ తాగి మమ్మల్నే తిట్టిపోయే మనిషి గురించి, అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ఊసెత్తకుండా ఎలా రాస్తారో నాకు అర్థం కాలేదు. అది లేకుండా చెబితే ఆయన సగమే. మిగతా సగం నేను రాస్తాను.

ఆయనది తెనాలి దగ్గర పల్లె. నాది హన్మకొండ. నేను పీహెచ్‌డీ చేయడానికి ఇక్కడికి వచ్చినప్పుడు ఆయనే నా గైడ్. మొదటి రోజు ఆయన గదిలోకి వెళ్ళి, ఇంగ్లీషులో నేర్చుకున్న నాలుగు వాక్యాలూ అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఏ ఊరమ్మా?" అని తెలుగులో అడిగారు. చెప్పాను. "అయితే నీకు క్రికెట్టే తెలిసుంటది. అమెరికాలో కాలేజీ పిల్లలు ఫుట్‌బాలని ఒకటి ఆడతారు, ఎప్పుడన్నా చూశావా?" అన్నారు. లేదన్నాను. "మంచిది. ఏమీ తెలియనివాళ్ళకు చెప్పడం సులువు," అని ఆ పూటంతా దాని గురించే చెప్పారు. బయటికొచ్చాక నా పరిశోధన సంగతి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదని గుర్తొచ్చింది. ఇదేం మనిషి, నేను ఇక్కడ ఇరుక్కుపోయానా అని మా అమ్మకు ఫోన్ చేసి బాధపడ్డాను కూడా.

ఆయనకు ఆ పిచ్చి ఎలా పట్టుకుందో తరువాత తెలిసింది. కుర్రవాడిగా అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో పీహెచ్‌డీ చేశారు. చలి, అర్థం కాని యాస, వంట రాదు. శనివారమైతే ఊరంతా ఒకే రంగు చొక్కాలు వేసుకుని యూనివర్సిటీ స్టేడియానికి పోతుంది. ఈయనకు టికెట్ కొనే స్తోమత లేదు. గేటు దగ్గర టికెట్లు చింపి సగం ముక్క డబ్బాలో వేసే పనికి కుదిరారు. గేట్లు మూసేశాక ఆ ముక్కలన్నీ లెక్కపెట్టే పని కూడా వాళ్ళదే. లెక్క అయ్యాక ఆటలో ఎక్కడో మధ్యలో మైకులో ఈ రోజు ఇంతమంది వచ్చారని చెప్పేవారట. ఆ అంకె వీళ్ళు లెక్కపెట్టిన ముక్కల కంటే ఎప్పుడూ బాగా ఎక్కువ. మాష్టారు మొదటిసారి విని, లెక్క తప్పిందని చెప్పడానికి పై అధికారి దగ్గరికి పరుగెత్తారు. అతను నవ్వి, మేం చెప్పేది అమ్మిన టికెట్ల లెక్క, వచ్చిన మనుషుల లెక్క కాదు అన్నాడట.

"అప్పుడు తగులుకుందమ్మాయ్ నాకు," అనేవారు మాష్టారు. "టికెట్లు వేరు, మనుషులు వేరు. మధ్యలో ఉన్న తేడా ఏందో కనిపెట్టాలి. వానా? చలా? జట్టు ఓడిపోతందా? పిల్లకు జ్వరమా? జీవితమంతా ఆ తేడా మీదే పనిచేశా." నిజంగానే ఆయన రాసిన పెద్ద పెద్ద వ్యాసాలన్నీ అటూ ఇటూ తిరిగి ఆ తేడా గురించే.

హాజరు ఒకటైతే, రెండో పిచ్చి టైము. ఇది మా ఇంట్లోవాళ్ళకు ఇప్పటికీ అర్థం కాదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆ ఆటలు ఏ శనివారం ఏ జట్ల మధ్యో ముందే తెలుస్తుంది కానీ, ఎన్ని గంటలకో తెలియదు. ఒక శనివారం బోలెడు ఆటలుంటాయి. టీవీవాళ్ళు వాటిలో దేన్ని మధ్యాహ్నం చూపించాలి, దేన్ని రాత్రి చూపించాలి అని బేరీజు వేసుకుని, ఆటకు ఒకటి రెండు వారాల ముందు మాత్రమే చెబుతారు. అక్కడ మధ్యాహ్నం ఆటంటే మనకు ఇక్కడ ఆదివారం ఇంకా తెల్లారదు. అక్కడ రాత్రి ఆటంటే మనకు ఆదివారం పొద్దుట కాఫీ తాగుతూ చూడొచ్చు. వాళ్ళు చెప్పకముందే ఆ టైము చెప్పేయడం మాష్టారి సరదా. చాలాసార్లు నిజమయ్యేది. తప్పినప్పుడు మాత్రం ఆ వారమంతా ఆంటీ చేసిన కూరలకు వంకలు పెట్టేవారు.

నేను ఒకసారి అడిగాను. "మీరెట్ల చెప్తరు సార్? మీ జట్టు మంచిగ ఆడుతుందా లేదా చూసి చెప్తరా?"

"అక్కడే అందరూ బోల్తా పడేది," అన్నారు. "నీ జట్టునే చూసుకుంటా కూర్చుంటే నీకు టైము తెలవదు. ఆ రోజు ఇంకా ఎవరెవరు ఆడతన్నారో అది చూడాలి. వాళ్ళందరూ సద్దుకున్నాక మిగిలిన చోటే నీది." ఈ మాట నేను ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడు పనికొచ్చింది, ఇల్లు కొనేటప్పుడు పనికొచ్చింది. ఆయన మాత్రం ఫుట్‌బాల్ గురించే చెప్పారు.

ఇంకో మాట క్లాసులో ప్రతి ఏడూ చెప్పేవారు. అంచనా వేయడమంటే మర్యాదగా తప్పు చెప్పడమట. ఎంత తప్పొచ్చో కూడా ముందే చెప్పేస్తే అది మర్యాద, చెప్పకపోతే అది జ్యోతిషం. ఇంగ్లీషులో చెప్పి, తెలుగు పిల్లలెవరైనా ఉంటే వాళ్ళ వైపు చూసి జ్యోతిషం అనే ముక్క తెలుగులో అనేవారు. మిగతా పిల్లలు అదేదో పెద్ద గణిత పదమనుకుని రాసుకునేవారు.

మా ఊళ్ళో తెలుగువాళ్ళం కొద్దిమందిమే. ఎక్కువగా డాక్టర్లు, నర్సులు, యూనివర్సిటీవాళ్ళు. ఉగాదికి ఏదో హాలు తీసుకుని భోజనాలు పెట్టుకుంటాం. ఎంతమందికి వండించాలన్నది ఎప్పుడూ తలనొప్పే. వస్తామన్నవాళ్ళు రారు, చెప్పనివాళ్ళు చుట్టాలతో సహా దిగుతారు. చివరికి ఆ పని మాష్టారికి అప్పగించారు. ఆయన ఎవరికీ ఫోన్లు చేయలేదు. పిలిచినవాళ్ళను కూర్చోబెట్టి, ఎవరు ఏ మాటతో జవాబిచ్చారో అడిగారు. దాని అర్థం తనకు అక్కర్లేదు, వాళ్ళన్న మాటే కావాలన్నారు.

"తప్పకుండా వస్తాం అన్నారా? సగం వెయ్యండి. చూస్తామండీ అన్నారా? రారు. ట్రై చేస్తామన్నారా? ఆ ఇంటికి ఇడ్లీ కూడా ఉడకెయ్యొద్దు. ఏమేం వండిస్తన్నారు అని అడిగారా? నలుగురొస్తారు, డబ్బాలు కూడా తెచ్చుకుంటారు."

అందరం నవ్వాం. ఆ ఏడు పులిహోర ఒక్క గిన్నె మిగిలింది, అదీ ఆంటీ ఇంటికి తీసుకెళ్ళాలని ముందే పక్కన పెట్టింది. అప్పటినుంచీ మా ఊళ్ళో ఎవరినైనా భోజనానికి పిలిస్తే వాళ్ళు ఏ మాట వాడాలో తెలియక తడబడేవారు. నేనైతే ఇప్పటికీ ట్రై చేస్తాననే మాట నోట్లోకి వస్తే మింగేస్తాను.

ఆ ఆటల కాలం సెప్టెంబరులో మొదలవుతుంది. అక్కడ ఆకులు రాలే కాలం, మనకు మాగ్‌పై పిట్టలు గూళ్ళు కట్టుకుని దారిన పోయేవాళ్ళ నెత్తిమీదికి దూకే కాలం. మాష్టారు ఆదివారం పొద్దున్నే గొడుగు వేసుకుని, ఎండ లేకపోయినా, వాన లేకపోయినా, రెండు వీధులు నడిచి మా ఇంటికొచ్చి తలుపు కొట్టేవారు. "టీవీ పెట్టమ్మా, మా ఇంట్లో మీ ఆంటీ పూజలో ఉంది." ఆంటీ పూజలో ఎప్పుడూ లేదు. ఆవిడకు ఆ ఆట అంటే గిట్టదు. మనుషులు గుద్దుకుంటుంటే చూడలేనంటుంది. నేను దోసెలు పోస్తుంటే ఆయన సోఫాలో ముందుకు జరిగి కూర్చుని, ఆటను కాదు, ఆట వెనక జనాన్ని చూసేవారు. కెమెరా జనం మీదికి తిరిగినప్పుడల్లా, "ఆ మూల ఖాళీ చూశావా? ఆ మూలది," అని టీవీ మీద వేలు పెట్టి చూపించేవారు. మా టీవీ మీద ఆ వేలిముద్రలు తుడవడం నాకో పని.

మాష్టారికి ఒక్కతే కూతురు. మెల్‌బోర్న్‌లో టార్నీట్‌లో ఉంటుంది. నేను అక్కా అని పిలుస్తాను. అక్కకూ ఒక్కతే కూతురు. ఆ పిల్ల అక్కడే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. బళ్ళో ట్రాంబోన్ నేర్చుకుంది. మాష్టారు దాన్ని బూరా అనేవారు. "తాతా, ఇట్స్ నాట్ అ బూరా," అని ఆ పిల్ల ఉడుక్కునేది. "ఊదితే మోగేదాన్ని మా ఊళ్ళో బూరా అనే అంటారు," అనేవారు. పోయినేడు ఆ పిల్ల యూనివర్సిటీలో చేరింది. ఈ ఏడు ఒక సెమిస్టరు బయట చదివే అవకాశమొస్తే, తాత చదివిన ఆ చిన్న ఊరినే కోరుకుంది. ఎవరూ చెప్పలేదు. అక్కడికి పోయాక స్టేడియంలో వాయించే యూనివర్సిటీ బ్యాండుకు పరీక్ష పెడితే అందులోనూ నెగ్గింది. ఆ సంగతి ఫోన్‌లో చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మాష్టారు, "అట్టాగా, మంచిది," అని ఫోన్ ఆంటీకిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయారు. చాలాసేపు కరివేపాకు మొక్క దగ్గర నిలబడి ఉన్నారు. నేను పిలవలేదు.

ఆయనకు జబ్బు సంగతి అప్పటికే తెలుసు. ఇక్కడి జూలై చలికాలంలో బయటపడింది. ఆ ఫోన్ వచ్చిన కొన్నాళ్ళకు ఆసుపత్రికి నేనే కారులో తీసుకెళ్ళాను. డాక్టరమ్మ మనవాళ్ళే, కడపావిడ. రిపోర్టులు చూపించి, చాలా మెల్లగా, "అంకుల్, ఈ జబ్బున్నవాళ్ళు సాధారణంగా ఎన్నాళ్ళుంటారో చెప్పమంటారా?" అని అడిగింది.

"వద్దమ్మా. ఆ లెక్కలు ఎట్టా కడతారో నాకు తెలుసు," అన్నారు మాష్టారు. "అది గుంపు లెక్క. స్టేడియానికి ఎంతమంది వస్తారో నేనూ చెప్తా. ఫలానా సీట్లో మనిషి వస్తాడా రాడా అని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గరా లేదు." ఆమె కళ్ళు దించుకుంది. ఆయన ఆమెను ఓదారుస్తున్నట్టుగా, "నువ్వు నొప్పికి మందు రాయి, అది చాలు," అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఒక్క మాటే అడిగారు, అదీ నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టు. "అక్టోబరు ఆఖర్న ఒక ఆటుంది. ఆట మధ్య విరామంలో బ్యాండునంతా టీవీలో చూపిస్తారంట. రాత్రి ఆట అవుద్దా, మధ్యాహ్నం ఆట అవుద్దా?" ఆయన ఏం కోరుకుంటున్నారో నాకు అర్థమైంది. నొప్పి మందు మొదలుపెడితే తెల్లవారుజామున ఆయనకు స్పృహే ఉండదు. పొద్దున కాసేపు మాత్రం తేరుకుంటారు. అక్కడ రాత్రి ఆటైతేనే మనకది పొద్దున. రాత్రి ఆటైతేనే ఆయన మనవరాలిని చూస్తారు.

రికార్డు చేసుకుని తరువాత చూడొచ్చు కదా అని అక్క ఫోన్‌లో అంది. "అయిపోయినదాన్ని చూడ్డానికి ఏముంటది? వెళ్ళిపోయిన జనాన్ని లెక్కబెట్టమంటావా?" అన్నారు. ఆ విషయంలో ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

అక్టోబరు మొదలయ్యాక ఆయన మంచం మీదినుంచే పని చేశారు. ఫోన్ పట్టుకునే ఓపిక లేకపోతే నేను చదివి వినిపించేదాన్ని. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, ఆ శనివారం ఇంకా ఏ ఏ ఆటలున్నాయి. అందరూ అది మధ్యాహ్నం ఆటే అంటున్నారు, ఎందుకంటే ఆయన జట్టు ఆ ఏడు అంతంతమాత్రంగా ఆడుతోంది. మాష్టారు ఒప్పుకోలేదు. "మనోళ్ళను చూడబాకమ్మా. ఆ పెద్ద జట్టు పోయిన వారం ఓడింది, ఇప్పుడు దాన్ని రాత్రి పూట ఎవరూ చూడరు. ఇంకొకళ్ళది పడమటి తీరం, వాళ్ళకు వేరే టీవీ చానెల్ ఉంది. మిగిలింది మనదే. రాత్రి ఆటే." ఆ వెంటనే, "తప్పొచ్చు," అన్నారు. మర్యాద వదల్లేదు.

రాత్రి ఆటే అయింది. టైము బయటికొచ్చిన రోజు నేను పరుగెత్తుకుంటూ పోయి చెప్పాను. "సార్, మీరన్నదే అయింది సార్. గెల్సిన్రు మీరు." ఆయన నవ్వలేదు. కళ్ళు మూసుకుని, "ఇంక నేను లేచి ఉండటమే కదా మిగిలింది," అన్నారు. ఆ రోజు నాకు భయమేసింది.

ఇప్పుడు రాసేది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాయమని అక్కే చెప్పింది, దాచొద్దంది. అక్క ఆటకు రెండు రోజుల ముందు మెల్‌బోర్న్ నుంచి వచ్చింది. మనవరాలు వాళ్ళమ్మకు మెసేజ్ పెట్టింది, ఆట పదిన్నరకని, విరామం పన్నెండు గంటల ప్రాంతంలోనని. శనివారం సాయంత్రం అక్క ఆ మాట చెబితే, మాష్టారు మగతలోంచి, "తొమ్మిదిన్నర," అన్నారట. తరువాత ఆంటీ చెప్పిందిదంతా.

"లేదు నాన్నా, టెన్ థర్టీ. అది మెసేజ్ కూడా పెట్టింది, చూడు."

"తొమ్మిదిన్నర కదే?"

"మందుల వల్ల నాన్నా, కాస్త కన్‌ఫ్యూజ్ అవుతున్నావ్. నువ్వు రెస్ట్ తీస్కో, నేను చూసుకుంటా కదా."

ఆయన దుప్పటి మీద వేళ్ళు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకున్నారట. మళ్ళీ లెక్కపెట్టుకున్నారట. అప్పుడు, "అయితే నాదే తప్పేమోలే," అన్నారట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో టైము విషయంలో ఆయన నోట ఆ మాట వినలేదని ఆంటీ అంది. అది చెబుతూ ఆవిడ ఏడ్చింది. ఆయన పోయారని చెప్పినప్పుడు కూడా ఏడవని మనిషి.

సంగతేమిటంటే, టూవూంబా ఉన్న మా క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో గడియారాలు మార్చరు. మెల్‌బోర్న్‌లో అక్టోబరు రాగానే ఒక గంట ముందుకు జరుపుతారు. ఆటల కాలం మొదట్లో రెండు ఊళ్ళకూ ఒకటే టైము, ఆ తరువాత ఒక గంట తేడా. మనవరాలు వాళ్ళమ్మకు పెట్టింది టార్నీట్ టైము. అమ్మ ఆ రోజుకు టూవూంబాలో ఉంటుందని ఆ పిల్లకు తట్టలేదు. అక్కకూ తట్టలేదు. ఇక్కడ ఉంటున్న ప్రతివాళ్ళకూ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. ఫోన్ చేసి అటువైపువాళ్ళను ఒక గంట ముందే నిద్రలేపడమో, పెళ్ళి లైవ్‌లో తలంబ్రాలు అయిపోయాక చేరడమో. నవ్వుకుని వదిలేస్తాం.

ఆ ఆదివారం పొద్దున మాష్టారు మామూలుగా తేరుకునే వేళకు తేరుకున్నారు. ఓపిక దాచిపెడదామని, మళ్ళీ పడుకోమని, విరామం టైముకు లేపుతామని చెప్పి మందు ఇచ్చారు. నేను రాత్రి ఆటన్న సంగతే చూశాను గానీ ఇక్కడి గంటలు లెక్కేసుకోలేదు, అక్క రమ్మన్నట్టే పన్నెండుకు కాస్త ముందు వెళ్ళాను. ఆయనను అప్పుడే లేపి, ముఖం తుడిచి, ఆ పాత యూనివర్సిటీ చొక్కా తొడిగి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ చొక్కాలో ఆయన కనిపించకుండా పోయారు. అక్క టీవీ పెట్టింది.

తెర మీద ఆట నడుస్తోంది. మాష్టారు దాన్ని ఒక్క క్షణం చూసి, "మూడో భాగం," అన్నారు. విరామం రెండో భాగం అయ్యాక వస్తుంది. అది వచ్చి, వెళ్ళిపోయింది.

"అదేందే? ఇప్పుడు గదా బ్యాండన్నావు?" అంది ఆంటీ. అక్క ఫోన్ తీసి మెసేజ్ మళ్ళీ చూసుకుంది. నేను గోడ గడియారం వైపు చూశాను. ఎవరికీ చెప్పక్కర్లేకుండా అందరికీ అర్థమైంది. అక్క కుర్చీ పక్కన నేల మీద కూలబడిపోయింది. "నువ్వు చెప్పావు నాన్నా. నైన్ థర్టీ అని నువ్వు చెప్పావు. ఐ డిడ్‌న్ట్ లిజన్. నేనే..." అని ఇంక మాట్లాడలేకపోయింది. మాష్టారు ఆమె తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచారు. నాకు ఆ గదిలో నిలబడటం కష్టమైంది, వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి ఊరికే చేతులు కడుక్కున్నాను. ఆయనకు ఎంత బాధ కలిగిందో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ రోజంత బాధ ఆయన పోయిన రోజు కూడా కలగలేదు.

ఆయన ఎక్కువసేపు కూర్చోలేకపోయారు. మంచం మీద పడుకోబెట్టాం. ఆట అయిపోయిందని టీవీ ఆపేశాం. ఎవరం భోజనం చేయలేదు. ఆయన మళ్ళీ మగతలోకి జారుతుండగా అక్క ఫోన్ మోగింది. వీడియో కాల్, మనవరాలు. చెమటతో తడిసిన ముఖం, నెత్తి మీద ఈకల టోపీ.

"తాతా! డిడ్ యూ సీ మీ? థర్డ్ రో, రైట్ అట్ ద ఎండ్!"

అక్క నోరు తెరవబోయింది. ఆమెకంటే ముందే మాష్టారు అందుకున్నారు. ఆ గొంతు అంత స్పష్టంగా రావడం విని వారమైంది.

"చూళ్ళేదమ్మా. నిద్ర పట్టేసింది నాకు. వీళ్ళు లేపారు గానీ నేనే లేవలా."

ఆ పిల్ల ముఖం వాడిపోయింది. అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. మాష్టారు కూతురి వైపు తిరగనే లేదు, ఆ మాట తిరిగి చూడాల్సినంత పెద్దది కాదన్నట్టు. జరిగింది తెలిసీ ఆయన కావాలని తప్పు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

"ఓకే," అంది మనవరాలు. "ఓకే తాతా, వెయిట్. డోన్ట్ గో టు స్లీప్." ఫోన్ ఊగింది. గడ్డి, బూట్లు, తెల్ల గీతలు కనిపించాయి. ఎవరినో ఏదో అడిగింది. ఫోన్‌ను ఒక బల్ల మీద దేనికో ఆనించి నిలబెట్టి, వెనక్కి నడిచి, ట్రాంబోన్ ఎత్తుకుని నిలబడింది. ఆమె వెనక దీపాల వెలుగులో స్టేడియం మొత్తం కనిపిస్తోంది. జనం వెళ్ళిపోయారు. వరసలన్నీ ఖాళీ.

"ఇట్స్ జస్ట్ మై పార్ట్," అంది. "ఇట్ సౌండ్స్ సిల్లీ బై ఇట్‌సెల్ఫ్."

వాయించింది. అది పాటలా లేదు. బ్యాండంతా కలిసి వాయిస్తే పాట అవుతుందేమో, ఒక్క బూరా వాయిస్తే మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు. ఒక ముక్క వాయించి, మిగతావాళ్ళు వాయించాల్సినంతసేపూ కాలితో తాళం వేస్తూ ఆగి, మళ్ళీ తన ముక్క వాయించేది. ఆ ఖాళీల్లో మాష్టారి తల దిండు మీద మెల్లగా కదిలింది. ఆంటీ ఆయన భుజాల కింద చెయ్యి పెట్టి కాస్త పైకి లేపింది, కనపడాలని.

అయిపోయాక ఆ పిల్ల ఫోన్ దగ్గరికొచ్చి ఊపిరి పీల్చుకుంటూ, నవ్వుతూ అడిగింది. "సో? అటెండెన్స్ ఎంత, తాతా?"

తెలుగులో అడిగింది. మాష్టారు ఎప్పటిలాగే ఆమెను దాటి వెనక ఉన్న వరసలను చూశారు. ఈ మూల నుంచి ఆ మూల దాకా, పైనుంచి కింది దాకా, తొందరేమీ లేకుండా చూశారు.

"హౌస్‌ఫుల్," అన్నారు.

ఆ పిల్లకు ఏడుపొచ్చినట్టుంది. చేత్తో ముఖం తుడుచుకుని, వెనక్కి నడిచి, బూరా ఎత్తి మళ్ళీ మొదటి నుంచి వాయించడం మొదలుపెట్టింది. వెనక ఎక్కడో పై వరసల్లో ఒక మనిషి చీపురుతో కాగితపు గ్లాసులు ఊడుస్తున్నాడు. ఆ చప్పుడు విని అతను చీపురు పక్కన పెట్టి, ఒక సీట్లో కూర్చున్నాడు.